కరక్కాయ నీళ్ల కేసు

నందిగామలో మునేటి వైపు పోయే దారిలో, ఊరి చివరి వరసలో కరీమాబీ ఇల్లు. హైవే మీద పోయే లారీల మోత అంత దూరానా వినపడుతూనే ఉంటుంది. ఏది లారీయో ఏది బస్సో ఆవిడ ఎన్నడూ పట్టించుకోలేదు. ఆ వేసవి తర్వాత మాత్రం జీపు చప్పుడు ఒక్కటి ఆ మోతలోంచి విడిపడి, నేరుగా వచ్చి ఆవిడ కడుపులో ఆగేది. చేతిలో పని చేతిలోనే నిలిచిపోయేది. జీపు దాటిపోయి ఆ చప్పుడు మళ్లీ లారీల మోతలో కలిసేదాకా ఊపిరి తీసేది కాదు.

అంతకు ముందు ఆవిడ భయమంటే ఎరగదని కాదు. పాముకు భయపడింది, మునేటి వరదకు భయపడింది, కొడుకు సైఫుల్లా లారీ నేర్చుకుంటానన్న రోజున భయపడింది. ఖాకీ బట్టకు భయపడాల్సిన పని మాత్రం తన బతుకులో ఉంటుందని, యాభై దాటినా అనుకోలేదు.

పుట్టిల్లు జగ్గయ్యపేట. తండ్రి సున్నపు బట్టీల్లో రాయి కాల్చేవాడు. తల్లి ఆ సున్నంలోకి కరక్కాయ నీళ్లు కట్టేది. పాత మేడలు సిమెంటుతో లేచినవి కావు కదా. సున్నమూ ఇసకా గానుగలో వేసి తిప్పి, వెన్నలా నూరి పూసేవారు. డంగు సున్నం అంటారు దాన్ని. అది గోడను పట్టాలంటే ఉత్త నీళ్లు చాలవు. నల్లబెల్లమూ దంచిన కరక్కాయలూ నీళ్లలో వేసి, బాగా పులియనిచ్చి, ఆ నీళ్లతో కలపాలి. గోడకు పేరు మేస్త్రీకి వస్తుంది గానీ, ఆ నీళ్లు కుదరకపోతే ఎంతటి మేస్త్రీ చేయైనా వట్టిదే. నీళ్లు కట్టడం ఆ ఇళ్లలో ఆడవాళ్ల పని.

దానికో పద్ధతుంది. కుండను ఏటి ఇసకలో మెడదాకా పాతాలి, వేడి నిలకడగా ఉండటానికి. పైన తడి గోనెలు కప్పాలి, వాటి మీద తాటాకులు పరవాలి. ఎండ పడని మూల చూసుకోవాలి. పొంగు చల్లారేదాకా పరాయివాళ్ల కన్ను దాని మీద పడకూడదు. పొంగే కుండ పురిటిల్లు లాంటిదని, గడప దాటి ఎవర్నీ రానివ్వకూడదని తల్లి చెప్పేది. కుండలు పోయి నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు వచ్చినా కరీమాబీ ఆ పద్ధతి మార్చలేదు. నందిగామలో జాన్‌బాషా మేస్త్రీని చేసుకుని వచ్చాక, బాత్రూము గోడకూ ప్రహరీకీ మధ్యనున్న చీకటి మూలలో మునేటి ఇసక పోయించుకుంది.

సిమెంటు రాజ్యం చేసిన రోజుల్లో ఆ ఇసక ఉత్తగా పడి ఉంది. జాన్‌బాషా తాపీ పట్టుకుని అందరిలాగే సిమెంటు పూశాడు. ఆవిడ మిరప కోతలకు పోయింది. ఈ మధ్య మళ్లీ కాలం తిరిగింది. పాత ఇళ్లు పడగొట్టకుండా బాగుచేయించుకునేవాళ్లూ, తోటల్లో కొత్త ఇల్లు కట్టి సున్నమే పూయాలనేవాళ్లూ బయలుదేరారు. కంచికచర్ల సీతారావమ్మగారు వేదాద్రిలో తన అత్తింటివారు ఎప్పుడో కట్టించిన సత్రానికి గోడలు బాగుచేయించాలని, అచ్చంగా పాత పద్ధతిలోనే కావాలని జాన్‌బాషాను పిలిపించుకుంది. పెరట్లో సున్నం నానేయడానికి గుంట తవ్వారు, కరీమాబీ ఎన్నాళ్లకో వరసగా డ్రమ్ములు పాతింది. మొదటి విడత నీళ్లతో సగం గోడ పూశారు, రెండో విడత డ్రమ్ముల్లో పొంగుతోంది, అప్పటికి ఆవిడ సంతోషంగానే ఉంది.

ఆ వేసవిలో నాటుసారా మీద ఎక్సైజువాళ్ల దాడులు ముమ్మరంగా ఉన్నాయి. మునేటి పాయల్లో, తుమ్మచెట్ల కింద, ఎక్కడ ఇసక గుల్లగా కనపడితే అక్కడ తవ్వి బెల్లపు ఊట డ్రమ్ములు తీసి పారబోస్తున్నారు. సారా కాసేవాళ్లు కూడా నల్లబెల్లాన్నే నీళ్లలో పులియబెడతారు, డ్రమ్ముల్నే ఇసకలో పాతుతారు, వాసన రాకుండా గోనెలే కప్పుతారు. ఇది నందిగామలో అందరికీ తెలుసు, కరీమాబీకీ తెలుసు. కానీ ఆ పనికీ తన పనికీ పోలిక ఉందన్న ఊహే ఆవిడకు ఎప్పుడూ తట్టలేదు. వాళ్లెవరో, తానెవరో.

ఎవరో ఫోను చేసి చెప్పారట, జీపు వచ్చినప్పుడు పొద్దు ఇంకా ఎక్కలేదు. జాన్‌బాషా వేదాద్రి వెళ్లాడు, సైఫుల్లా లారీ తోలుకుంటూ ఎక్కడో ఉన్నాడు. ఇంట్లో ఆవిడా, కోడలు ఆసిఫా, కోడలి చంటిపిల్లా ఉన్నారు. లోపలికి వచ్చిన అధికారి మర్యాదస్తుడే. వెనక ఆడ కానిస్టేబులు కూడా ఉంది. పెరట్లో ఏం పాతారని అడిగాడు.

"కరక్కాయ నీళ్లండి," అంది కరీమాబీ.

మూత తీయమన్నాడు. ఆవిడ తీయలేదు. తీయకపోగా చీర కొంగు నడుముకు దోపి డ్రమ్ములకు అడ్డంగా నిలబడింది.

"ఇప్పుడు తియ్యకూడదండీ. పొంగు మీదుంది. బయటోళ్ల కన్ను పడితే విరిగిపోయిద్ది."

ఆ మాట అధికారి చెవికి ఎలా వినపడి ఉంటుందో ఆవిడకు చాలా నెలల తర్వాత గాని అర్థం కాలేదు. ఆడ కానిస్టేబులు చెయ్యి పట్టుకుని పక్కకు తప్పించింది. గోనెలు లాగగానే నురగా, పులిసిన బెల్లపు వాసనా ఒక్కసారి పైకి లేచాయి. ఎవరు పెట్టారన్నారు. నేనే అంది. ఎప్పట్నుంచి అన్నారు. పెళ్లి కాక ముందు నుంచీ, మా అమ్మ నేర్పిందంది. తయారయ్యాక ఏం చేస్తారన్నారు. మా ఆయన పట్టుకుపోతాడు, వేరేవాళ్లు అడిగినా ఇస్తామంది. ప్రభుత్వం మనిషి అడుగుతుంటే ఉన్నది ఉన్నట్టు చెబితే చాలనే ఆవిడకు చిన్నప్పటి నుంచీ తెలిసింది. ప్రతి మాటా నిజమే చెప్పింది. సున్నం అన్న మాట ఒక్కటే చెప్పలేదు. కరక్కాయ నీళ్లు సున్నానికి కాక ఇంక దేనికుంటాయి? అన్నం దేనికి వండావని ఎవరైనా అడిగితే, తినడానికని విడిగా చెబుతామా?

సీసాల్లో కొంచెం పట్టి సీలు వేశారు. మిగతాదంతా పెరట్లోనే ఒంపేశారు. అప్పుడు గాని ఆవిడకు గోడ సంగతి తట్టలేదు. సీతారావమ్మగారి గోడకు సున్నం ఎట్టా కలపాలని అడిగింది. పంచనామా రాసేవాడు తల ఎత్తి అధికారి వంక చూశాడు. అధికారి ఆవిడ ముఖం వంక చూశాడు గానీ, అప్పటికే రాయడం అయిపోయింది. ఆ సంగతి కోర్టులో చెప్పుకోమన్నాడు. సంతకం పెట్టమన్న చోట పెట్టింది. స్టేషన్‌కు తీసుకెళ్లి, మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చోబెట్టి, పిలిచినప్పుడల్లా రావాలని నోటీసు ఇచ్చి పంపేశారు.

ఒంపిన నీళ్లు గోడ కింద నుంచి వీధిలోకి పారాయి. ఎండకు ఆ వీధంతా సారా వాసన కొట్టింది. తాగి వచ్చినవాణ్ని గుమ్మం తొక్కనివ్వని ఇల్లు అది. ఎదురింటి మహిమ ముక్కు మూసుకుని రెండు బిందెలు నీళ్లు తెచ్చి కడిగింది. కడుగుతూ, "తాటిచెట్టు కింద కూకుని పాలు తాగినా కల్లే అంటారు వదినా. నువ్వేమో చెట్టెక్కి తాగినట్టు అన్నిటికీ అవునన్నావంట," అంది. ఎత్తిపొడుపో ఓదార్పో కరీమాబీకి తెలియలేదు.

ఆ రోజు నుంచి భయం ఇంట్లో కాపురం పెట్టింది.

శిక్ష ఎంత పడుతుందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట. టీకొట్టు దగ్గర ఏళ్లకు ఏళ్లన్నారు. చట్టం ఈ మధ్యే గట్టి చేశారు, బెయిలు కూడా కష్టమేనన్నారు. మసీదులో ఒక పెద్దాయన జాన్‌బాషాను పక్కకు పిలిచి, అసలేం జరిగిందో నలుగురిలో ఒకసారి చెప్పుకుంటే మంచిదన్నాడు. జాన్‌బాషా చెప్పుకున్నాడు. నమ్మినవాళ్లు నమ్మారు. నమ్మినవాళ్లలో కూడా కొందరు తర్వాత జరిగిన పెళ్లిలో కరీమాబీని వంట దగ్గరికి పిలవలేదు.

ఆవిడ మాత్రం జైలు గురించే ఆలోచించేది. నమాజుకు ముందు వజూ చేసుకోను నీళ్లిస్తారా? కింద కూర్చుంటే లేవలేని మోకాళ్లకు ఎవరు చేయి అందిస్తారు? పేరు పెట్టి పిలుస్తారా, నంబరు పెట్టా? ఈ ప్రశ్నలు ఎవర్ని అడిగినా నవ్వుతారని, ఆసిఫా ఒక్కదాన్నే అడిగేది. ఆసిఫా ఫోన్‌లో వెతికి ఏదో చెప్పబోయి, మధ్యలో ఆపేసేది. ఒకరోజు ఆవిడ గుడ్డసంచిలో రెండు చీరలు, తస్బీ మాల, కళ్లజోడు పెట్టి, తలుపు వెనక మేకుకు తగిలించింది. వాళ్లు వచ్చినప్పుడు వెతుక్కోవడం కుదరదు కదా అంది. ఆసిఫా ఆ సంచిని చూసి ఏడ్చింది గానీ తీయలేదు.

కేసు కాగితాలు కోర్టుకు చేరాయి. ల్యాబ్ రిపోర్టు వచ్చింది. సీసాలో ఉన్నది పులిసిన బెల్లపు ఊటేనని, అందులో మద్యసారం ఉందని రాశారు. జాన్‌బాషా ఆ మాట విని గోడకు ఆనుకుని కూలబడ్డాడు. రిపోర్టు తప్పు రాసిందని అనుకోవడానికి కూడా లేదు. బెల్లం పులిస్తే మద్యసారం పుడుతుంది, సున్నానికి పులిసినా, సారాకు పులిసినా. ఆ పులుపుతోనే కదా సున్నం గట్టిపడేది.

కోర్టు గేటు పక్కన టైపు మిషను పెట్టుకుని కూర్చునే బాలస్వామి జాన్‌బాషాకు ఎప్పటి నుంచో ఎరిక. మంచివాడు. ఎందరికో దారి చూపించినవాడు. ఆయన సలహా తేలికగా ఉంది.

"ఒప్పేసుకోమను బాషా. మొదటి కేసు, ఆడమనిషి, పెద్ద వయసు. తల వంచుకుని తప్పయిపోయిందంటే జడ్జిగారు ఏదో జరిమానా ఏసి పంపేస్తారు. సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. లేదన్నావనుకో, ఏళ్ల తరబడి తిరగాల."

ఆ మాట జాన్‌బాషా గుండెకు హత్తుకుంది. పెళ్లాం రాత్రుళ్లు కళ్లు తెరుచుకుని పడుకోవడం చూస్తున్నాడు. చేయని తప్పు ఒప్పుకోవడం తప్పే, కానీ ఆవిడ నిద్ర కన్నా ఎక్కువా? కరీమాబీ కూడా అందుకు సిద్ధపడింది. ఏదో ఒకటి తేలిపోవాలి. ఒప్పుకుంటే ఆ జీపు చప్పుడు ఇక తనది కాదు.

ఆసిఫా ఒప్పుకోలేదు. ఇంటర్ దాకా చదివిన పిల్ల. ఎప్పుడూ అత్తకు ఎదురు చెప్పనిది, "ఒక్కసారి వకీలు గీతాంజలిగారి దగ్గరికి పోదాం అత్తమ్మా. ఆవిడ కూడా ఒప్పుకోమంటే అప్పుడు ఒప్పుకో," అంది.

గీతాంజలి ఆఫీసు కోర్టు ఎదురుగా, జిరాక్సు షాపు మీద. ఇరవై దాటి ముప్ఫై లోపు పిల్ల. ఆమె కాగితాలన్నీ చదివేదాకా ముగ్గురూ కుర్చీల అంచుల మీద కూర్చున్నారు. చదివాక ఆమె ధైర్యం చెప్పలేదు. అది కరీమాబీకి ఎందుకో నచ్చింది. అందరూ ధైర్యం చెబుతూనే ఉన్నారు మరి.

ఊట దొరికినంత మాత్రాన నేరం కాదని, దాన్ని సారా కాయడానికే ఉంచారన్నది ముఖ్యమని ఆమె చెప్పింది. కానీ ఇలాంటి సరుకు ఎవరి దగ్గర దొరికితే, అది ఎందుకుందో నమ్మేలా చెప్పుకోవాల్సిన బరువు వాళ్ల మీదే పడుతుందని కూడా చెప్పింది. కరీమాబీ అడ్డం నిలబడటం, కన్ను పడకూడదనడం, వేరేవాళ్లకూ ఇస్తామనడం, అన్నీ పంచనామాలో ఉన్నాయి. కరక్కాయ ఉందిగా అని జాన్‌బాషా అన్నాడు. సారాలో తుమ్మచెక్క వేస్తారు, అదీ వగరే, ఇదీ వగరే, దాని బదులు ఇది వేశారంటారని ఆమె జవాబు. సారా కాచే గొట్టాలు గానీ కుండలు గానీ ఇంట్లో దొరక్కపోవడం మనకు మంచిది. ఎవరికీ అమ్ముతుండగా పట్టుకోకపోవడం మంచిది. అన్నిటికన్నా, ఈ నీళ్లు గోడకు కావాలని చెప్పినవాళ్లు వచ్చి ఆ మాట చెప్పడం మంచిది.

"మరి ఒప్పుకుంటేనో?" అంది కరీమాబీ.

"ఒప్పుకుంటే జరిమానాతో పోయిద్దని ఎవరు చెప్పారమ్మా?"

"బాలస్వామి."

"శిక్ష రాసేది బాలస్వామి కాదుగా. చట్టంలో జైలుంది. జడ్జిగారు తగ్గించొచ్చు, తగ్గించకపోవచ్చు, అది వారి చేతిలో పని. సరే, తగ్గించారనుకుందాం. రేపు ఇంటికెళ్లి మళ్లీ డ్రమ్ము పాతుతారా?"

కరీమాబీ మొగుడి వంక చూసింది.

"పాతితే, మళ్లీ ఎవరన్నా ఫోను చేస్తే, ఈసారి మీరు పాత ముద్దాయి. ఇంతకు ముందు సారా ఊటేనని మీరే ఒప్పుకున్నారు. అప్పుడు శిక్ష రెట్టింపు మాట. సున్నానికని మొత్తుకున్నా వినేవాళ్లుండరు. ఒప్పుకుంటే ఈ కేసు పోయిద్ది. దాంతో పాటు మీ పనీ పోయిద్ది. ఆలోచించుకోండి."

మెట్లు దిగుతూ కరీమాబీ రెయిలింగు పట్టుకుని ఆగిపోయింది. అంతవరకు భయం ఒక వైపు నుంచే వచ్చేది. ఇప్పుడు రెండు వైపుల నుంచీ వచ్చింది. తల్లి చేతి నుంచి తన చేతికి వచ్చిన ఒకే ఒక్క విద్య. దాని పేరు కోర్టు కాగితాల మీద సారా అని పడిపోతే, ఇంకెవరు ఎంత కడిగినా ఆ పేరే ఉండిపోతుంది.

సీతారావమ్మగారి దగ్గరికి మొగుడూ పెళ్లాలు బస్సెక్కి కంచికచర్ల వెళ్లారు. ఆవిడ కాఫీలు ఇప్పించింది, మోకాళ్ల నొప్పులు అడిగింది. అసలు మాట రాగానే పక్కగదిలోంచి ఆవిడ మరిది జగన్నాథరావు వచ్చి కూర్చున్నాడు. సారా కేసులో మన ఇంటి ఆడవాళ్లు బోనెక్కడం ఏమిటన్నాడు. గట్టిగా అనలేదు, పేపరు మడత పెడుతూ అన్నాడు. సీతారావమ్మ నేల వంక చూస్తూ కూర్చుంది. ఆవిడకూ కోర్టు అంటే భయమేనని, ఆ భయం తన భయానికి అక్కచెల్లెలు లాంటిదని కరీమాబీకి తెలిసిపోయింది. అందుకే బతిమాలలేదు. గుమ్మం దాకా వచ్చి సీతారావమ్మ ఒక్క మాటే అంది: "గోడ సగంలో ఆగింది కరీమా. వాన పడితే ఏమవుద్దో."

వస్తానని అనలేదు, రానని అనలేదు.

కోర్టులో మొదటి వాయిదా వచ్చింది. కరీమాబీ ఆ పూట ఏమీ తినలేదు. సంచి కూడా తెచ్చుకుంది. వరండాలో జనం చెట్టు మీద కాకుల్లా నిండి ఉన్నారు. పేరు పిలిచారు. తన పేరు అంత గట్టిగా ఎవరైనా పిలవడం ఆవిడ ఎన్నడూ వినలేదు, అది తన పేరు కాదేమో అనిపించింది. ఆసిఫా వెనక నుంచి నెడితే లోపలికి నడిచింది. జడ్జిగారు కూడా ఆడమనిషే, కళ్లజోడు ముక్కు మీదికి జారి ఉంది. నాటుసారా కాయడం కోసం బెల్లపు ఊటను ఇంటి పెరట్లో దాచి ఉంచారని మీ మీద నేరారోపణ, అర్థమైందా అని అడిగింది.

బాలస్వామి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చేత్తో చిన్నగా సైగ చేశాడు, తల వంచు అన్నట్టు. జాన్‌బాషా కూడా ఆవిడ వంక చూస్తున్నాడు. ఆ చూపులో ఏది చేసినా సరే, ఇంటికి రా అన్నట్టుంది. కరీమాబీ తల దానంతట అది వంగింది.

"నేరం ఒప్పుకుంటున్నారా?"

"ఊట నాదేనండీ," అంది. ఆ మాట ఆవిడకే సరిగా వినపడలేదు. "దాచలేదండీ. కప్పా. సారా నాది కాదండీ."

"ఒప్పుకుంటున్నట్టా, ఒప్పుకోనట్టా? ఒక్క మాట చెప్పండమ్మా."

కరీమాబీ బోను కర్రను పట్టుకుంది. ఆ కర్ర ఎందరి చేతుల చెమటతోనో నునుపెక్కి ఉంది.

"ఒప్పుకోనండి."

జడ్జిగారు రాసుకుంది. అంతే. ఆ తర్వాత ఏమైనా అవుతుందని కరీమాబీ ఎదురుచూసింది. ఏమీ కాలేదు. మరో పేరు పిలిచారు. బయటికి వచ్చాక వరండాలో కూర్చుని వాంతి చేసుకుంది.

బాలస్వామి అన్నట్టే కేసు నడిచింది. వాయిదాల మీద వాయిదాలు. ఒకసారి జడ్జిగారు సెలవు, ఒకసారి సాక్షి రాలేదు, ఒకసారి వకీళ్ల బహిష్కరణ. ప్రతి వాయిదాకూ ఆవిడ సంచి తెచ్చుకునేది. మొదట్లో గీతాంజలి అక్కర్లేదమ్మా అనేది, తర్వాత అనడం మానేసింది. ఇంట్లో ఇసక మూల ఖాళీగా ఉంది. జాన్‌బాషా మళ్లీ సిమెంటు పనికి పోతున్నాడు.

దాడి చేసిన అధికారి బోనెక్కి, జరిగింది జరిగినట్టే చెప్పాడు. గీతాంజలి అడిగితే, ఇంట్లో సారా కాచే సామాను కనపడలేదన్నాడు. పెరట్లో సున్నపు గుంట ఉందా అంటే ఉందన్నాడు. అది పంచనామాలో ఎందుకు రాయలేదంటే, కేసుకు సంబంధం లేదనుకున్నానన్నాడు. అబద్ధం ఆడలేదు. కరీమాబీ ఆయన వంక చూసి, ఈయన కూడా నాలాగే ఒక మాట చెప్పడం మర్చిపోయాడనుకుంది.

తమవైపు సాక్షుల రోజున ఎవరొస్తారో తెలియదు. జాన్‌బాషా గేటు దగ్గరే నిలబడ్డాడు. పేర్లు పిలవడం మొదలయ్యాక, ఆటోలోంచి సీతారావమ్మ దిగింది. ఒక్కతే వచ్చింది. జగన్నాథరావుకు చెప్పి వచ్చిందో, చెప్పకుండా వచ్చిందో ఎవరూ అడగలేదు. వచ్చి బెంచీ మీద కరీమాబీ పక్కన కూర్చుంది. చేతిరుమాలు మడత పెట్టడం, విప్పడం, మళ్లీ మడత పెట్టడం. కరీమాబీ ఆ చేతి మీద చేయి వేసింది.

బోనులో సీతారావమ్మకు మంచినీళ్లు ఇచ్చారు. సత్రం సంగతి, గోడల సంగతి చెప్పింది. ప్రభుత్వ వకీలు లేచి, ఆ డ్రమ్ముల్లో ఉన్నది సారా ఊట కాదని మీకెలా తెలుసని అడిగాడు.

"అందులో ఏముందో నాకు తెలీదండి. నేను చూళ్లా," అంది సీతారావమ్మ. "గోడకి పాతకాలం సున్నమే కావాలన్నది నేను. దానికి నీళ్లు కట్టమన్నదీ నేనే. సగం గోడ పూశారు, సగం ఆగింది. అది ఎవరైనా ఎళ్లి చూడొచ్చు."

గీతాంజలి ఆ గోడ ఫోటోలు దాఖలు చేసింది.

తీర్పు రోజున కరీమాబీకి జడ్జిగారు చదివిన మాటల్లో సగం వినపడలేదు. చెవుల్లో హోరు. ఆసిఫా భుజం నొక్కడంతో ఏదో మంచే జరిగిందని తెలిసింది. బయటికి వచ్చాక గీతాంజలి వివరించింది. ఊట ఎందుకుందో మనం చెప్పుకున్న కారణం నమ్మదగినదే. సారా కోసమేనని వాళ్లు అనుమానం లేకుండా రుజువు చేయలేకపోయారు. ఆ అనుమానపు లాభం ముద్దాయికే దక్కుతుంది కాబట్టి కేసు కొట్టేశారు.

కరీమాబీ ఆలోచించి అడిగింది. "అంటే, ఇంకా అనుమానం ఉన్నట్టేగా అమ్మా?"

గీతాంజలి నవ్వబోయి ఆగింది. ఎవరికి ఎంత అనుమానం ఉన్నా మీరు నిర్దోషేనని, అది కోర్టు మాటని చెప్పింది. ఈసారి నీళ్లు కట్టేముందు స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి రమ్మంది. కరీమాబీ తలూపింది. మెట్ల మీద బాలస్వామి ఎదురొచ్చి, "గట్టిదానివే చెల్లెమ్మా," అన్నాడు. తాను గట్టిదాన్నని ఆవిడకు ఎక్కడా అనిపించలేదు. సంచి భుజానికి మార్చుకుని ఆటో ఎక్కింది.

సీతారావమ్మగారు గోడ పూర్తి చేయమని కబురు చేసింది. స్టేషన్‌లో కాగితం ఇచ్చి వచ్చారు. అయినా కరీమాబీకి డ్రమ్ము పాతడానికి చేతులు రాలేదు. అందరికీ కనపడేలా వీధి గేటు పక్కన, మూత తీసి, నలుగురి కళ్లెదుటా పెట్టింది. ఎండ తగిలి నీళ్లు ఒక్కపెట్టున పొంగి, తర్వాత చచ్చి, పైన బూజు కట్టాయి. మహిమ వచ్చి తొంగిచూసి, ఇదేనా వదినా ఇంత రగడా అంది. జాన్‌బాషా వేలు ముంచి నాకి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. ఆ నీళ్లు పారబోశారు.

మర్నాడు కరీమాబీ పాత మూలలో ఇసక తవ్వింది. మోకాళ్లు పట్టేస్తే ఆసిఫా గడ్డపార అందుకుంది. డ్రమ్మును మెడదాకా దింపి, బెల్లం చిదిమి వేసి, కరక్కాయలు వేసి, బిస్మిల్లా అని నీళ్లు పోసింది. గోనెలు తడిపి కప్పింది. తాటాకులు పరిచింది. పరుస్తుండగా దారి మీద జీపు వచ్చింది.

ఆవిడ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. ఆసిఫా కూడా కదలకుండా నిలబడింది. జీపు గేటు దగ్గర నెమ్మదించింది. అక్కడ గుంత ఉంది, ఏ బండైనా నెమ్మదించాల్సిందే. దాటిపోయింది. మోత లారీల మోతలో కలిసింది.

"ఎవరన్నా వచ్చి అడిగితే ఏం చెబుతావే?" అంది కరీమాబీ.

"కరక్కాయ నీళ్లని చెబుతా అత్తమ్మా."

"ముందు సున్నం అని చెప్పు. గుంట చూపించు. తర్వాత కరక్కాయ నీళ్లని చెప్పు. మూత తియ్యమంటే తియ్యి. విరిగితే విరిగింది, మళ్లీ కట్టుకుందాం."

చివరి ఆకు పరిచి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది. తలుపు వెనక మేకుకు సంచి అలాగే ఉంది. తస్బీ కోసం దాన్ని దించి, తస్బీ ఒక్కటీ తీసుకుని, రెండు చీరలూ కళ్లజోడూ అందులోనే ఉంచి, మళ్లీ తగిలించింది.